తమ్ముడి పిల్లికూతలు

ఈసారి నోటిఫికేషన్ల గురించి కాదు, మా తమ్ముడి గురించి రాస్తున్నాం.

మేమిద్దరం అక్కలం. మాది సోమందేపల్లె దగ్గర తండా. 44వ నంబరు హైవే మీద లారీల మోత ఇంట్లోకే వినిపిస్తుంది. సెనక్కాయల నూర్పిడి మొదలైతే మిషన్ దుమ్ము కళ్లం దాటి ఇండ్ల మీదికి వస్తుంది. ఇంక కట్టెల పొయ్యి పొగ సరేసరి. సరిగ్గా ఆ రోజుల్లోనే తమ్ముడికి రాత్రిళ్లు పిల్లికూతలు వచ్చేవి. పండుకోలేక గోడకు ఆనుకుని, భుజాలు ఎగరేసుకుంటూ కూచునేవాడు. యాడి వేడినీళ్లు తాపి, "చలి చేసింది, పెరుగు పెట్టొద్దండి" అనేది. మేమూ అదే నమ్మినాం. వెచ్చగా ఉంటుందని వాణ్ని పొయ్యి పక్కనే కూచోబెట్టినాం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

డాక్టరమ్మ చెప్పినాక అర్థమైంది. ఆస్తమా ఉన్న పిల్లల ఊపిరి గొట్టాలు ముందే వాచి ఉంటాయంట. పొగ, దుమ్ము తగిలితే గొట్టం చుట్టూ కండ బిగుసుకుంటుంది, లోపలి పొర ఇంకా వాస్తుంది, కళ్లె అడ్డం పడుతుంది. ఆ సన్న సందులోంచి గాలి పోయే చప్పుడే పిల్లికూత. పొగలో పీఎం 2.5 అనే రేణువులుంటాయి. 2.5 మైక్రాన్లు, అంతకన్నా చిన్నవి. ముక్కు వాటిని ఆపలేదు, ఊపిరితిత్తుల అడుగుదాకా పోతాయి. పిల్లలు వాళ్ల బరువుకు పెద్దోళ్లకన్నా ఎక్కువ గాలి పీలుస్తారు, పైగా ఊపిరితిత్తులు ఇంకా పెరిగే వయసు.

లండన్‌లో ఎల్లా కిస్సీ డెబ్రా అనే తొమ్మిదేళ్ల పాప 2013లో ఆస్తమాతో చనిపోయింది. ఇల్లు రద్దీ రోడ్డుకు దగ్గర. ఆ చావుకు గాలి కాలుష్యం కూడా కారణమని 2020లో విచారణ అధికారి తేల్చినారు. మన తండాల్లో అట్లా ఎవరు రాస్తారు? "ఆయాసంతో పోయినాడు" అంటారు, అంతే.

ఇన్‌హేలర్ ఇచ్చినప్పుడు ఇంట్లో పెద్ద గొడవ. "అలవాటైతే ఇంక వదలదు" అని చుట్టాలు. హాస్టల్‌లో పిల్లలు ఎగతాళి చేస్తారని వాడు దాన్ని ట్రంకుపెట్టె అడుగున దాచినాడు. ఒక రాత్రి ఊపిరాడక, చీకట్లో పెట్టె తాళంచెవి దొరక్క ఎంత అల్లాడినాడో మాకు సెలవుల్లో గానీ తెలీలేదు. మీ హాస్టళ్లలో అట్లా దాచుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉంటే ముందు దాన్ని పెట్టెలోంచి దిండు కిందికి తెప్పించండి. రోజూ పీల్చేది వేరు, ఆయాసం వచ్చినప్పుడు పీల్చేది వేరు. రెండూ చూసుకోండి.

ఇంట్లో గ్యాస్ ఉంది. సిలిండర్‌కు డబ్బుల్లేని నెల యాడి మళ్లీ కట్టెలే పెడుతుంది, ఆమెను ఏమనగలం? పొయ్యి మాత్రం బయటికి మార్చినాం. నూర్పిడి అయ్యేదాకా తమ్ముణ్ని పెనుకొండలో మామ ఇంటికి పంపినాం. నిన్న ఫోన్ చేసి అడిగినాడు, "అక్కా, మిషన్ పోయిందా?" అని.