హాజరు పట్టీ

రిటైరైన రోజు సాయంత్రం డిపార్ట్‌మెంట్ వాళ్లు నన్ను కారులో ఇంటి దగ్గర దింపారు. ఒళ్లో మూడు శాలువాలు, ఒక బరువైన జ్ఞాపిక, అప్పటికే వాడిపోతున్న గులాబీల దండ. వచ్చినవాళ్లు టీ తాగి, ఫొటోలు దిగి వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున అలవాటు కొద్దీ ఎనిమిదిన్నరకల్లా తయారై బూట్లు తొడుక్కుంటూ ఉంటే గుర్తొచ్చింది, వెళ్లవలసిన చోటంటూ ఏదీ లేదని. 33 ఏళ్ల పాటు రోజూ ఎవరో ఒకరు నా కోసం ఎదురుచూశారు. తరగతిలో పిల్లలు, ల్యాబులో స్లైడ్లు పట్టుకుని రీసెర్చి స్కాలర్లు, సంతకం కోసం ఫైలు తెచ్చిన గుమస్తా. ఇక నేను రాకపోయినా ఎవరి పనీ ఆగదు. తీరికకి మనిషి మెల్లగా అలవాటు పడతాడు, తగ్గిన రాబడితో సర్దుకుంటాడు. మనం రాలేదని గమనించే మనిషి లేకపోవడం మాత్రం లోపల కలుక్కుమంటూనే ఉంటుంది.

ఆ కలుక్కుమనడానికి మందు ఉస్మానియా క్యాంపస్‌లో కానుగ చెట్ల కింద దొరికింది. ఒక సిమెంటు బల్ల, ఎదురుగా ఇంకో బల్ల, పక్కన నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు.

1918లో నిజాం ఫర్మానాతో పుట్టిన యూనివర్సిటీ ఇది. ఉన్నత చదువు మన దేశపు భాషలో చెప్పాలని ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. గన్‌ఫౌండ్రీ దగ్గర అద్దె ఇళ్లలో తొలి తరగతులు జరిగాయి. గులాబీ రంగు గ్రానైటుతో కట్టిన ఆర్ట్స్ కాలేజీ 1939లో తలుపులు తెరిచింది. అందులోనూ, చుట్టుపక్కల కాలేజీల్లోనూ పనిచేసినవాళ్లలో ఎంతోమంది తార్నాక, హబ్సిగూడ, విద్యానగర్, అడిక్‌మెట్‌లలోనే ఇళ్లు కట్టుకుని స్థిరపడ్డారు. పొద్దున అయిదున్నర నుంచి ఆ వీధులన్నిట్లోంచీ తెల్లజుట్లు క్యాంపస్ వైపు కదులుతాయి. పోషకాహార సంస్థలో, సీసీఎంబీలో, రైల్వేలో రిటైరైనవాళ్లు కూడా దారిలో కలుస్తారు. ఒకప్పుడు గబగబా దాటిపోయిన రోడ్ల మీద ఇప్పుడు నింపాదిగా నడుస్తుంటే, ఏ పొగడ చెట్టు ఎప్పుడు పూసేదీ కొత్తగా తెలుస్తుంది.

నడక అయ్యాక బల్ల దగ్గర చేరేవాళ్లం పాతికమందిమి. ప్రొఫెసర్లున్నారు, సూపరింటెండెంటుగా చేసినాయన ఉన్నారు, లైబ్రరీ మేడమ్ ఉన్నారు, ల్యాబ్ అసిస్టెంటు, డ్రైవరు ఉన్నారు. మా డిపార్ట్‌మెంట్‌లో అటెండరుగా పనిచేసిన అన్న ఉన్నాడు. ఆయన మొదట్లో కొన్ని నెలలు బల్ల పక్కన నిలబడే మాట్లాడేవాడు. కూర్చోమంటే, "నిలవడుడు అలవాటే సార్" అనేవాడు. ఒకరోజు మా కెమిస్ట్రీ సార్ లేచి ఆయన పక్కన నిలబడ్డారు. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషి. "మీరు కూర్చునేదాకా నేనూ నిలబడతానన్నా" అన్నారు. పది నిమిషాలు గడిచాయి. కెమిస్ట్రీ సార్ కాలు మార్చి కాలు మీద బరువు వేయడం చూసి అన్న కళ్లు దించుకుని బల్ల చివర కూర్చున్నాడు. ఆ రోజు నుంచి ఆ చివర ఆయనది. యూనివర్సిటీలో ఇన్నేళ్లు సమానత్వం మీద సెమినార్లు పెట్టాం. దాన్ని కళ్లారా చూసింది ఆ పొద్దునే.

అన్న దగ్గర ఒక పొడుగు నోటు పుస్తకం ఉంటుంది. ఉద్యోగంలో ఉండగా డిపార్ట్‌మెంట్ నుంచి ఆఫీసుకీ, ఆఫీసు నుంచి డిపార్ట్‌మెంట్‌కీ హాజరు పట్టీలు మోసిన చెయ్యి ఆయనది. ఇప్పుడు మా హాజరు ఆయనే వేస్తాడు. వచ్చినవాళ్లకి నీలం టిక్కు, రానివాళ్లకి ఎర్ర సున్నా. ఊరు వెళ్తున్నామని ముందే చెబితే ఊరి పేరు రాస్తాడు. మొదట్లో అందరూ దాన్ని సరదాగానే తీసుకున్నాం. డెంగీ సీజనులో ఒక పొద్దున ఆయన పుస్తకం తెరిచి, "కెమిస్ట్రీ సార్ నిన్న రాలే, ఇయ్యాల రాలే. ఊరు పేరు గూడ రాయించలే" అన్నాడు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ముగ్గురం వెళ్లాం. గేటుకి వేలాడే సంచిలో రెండు రోజుల పాల ప్యాకెట్లు ఉన్నాయి. పక్కింటివాళ్ల దగ్గరున్న తాళంతో తలుపు తీస్తే, సార్ దుప్పటి కప్పుకుని వణుకుతున్నారు. భార్య పోయి నాలుగేళ్లు, కొడుకు న్యూజెర్సీలో. ఎవరికి చెప్పాలో తెలియక కాదు, పొద్దున్నే ఎవరినీ ఇబ్బంది పెట్టడమెందుకని ఊరుకున్నారట. ఆస్పత్రిలో వారం రోజులు వంతులు వేసుకుని ఉన్నాం. రాత్రి వంతు డ్రైవరుగారు తీసుకున్నారు. ల్యాబ్ అసిస్టెంటు ప్లేట్‌లెట్ల లెక్క రోజూ కాగితం మీద రాసి కొడుక్కి ఫొటో పంపేవాడు.

అప్పటి నుంచి బల్లకి ఒకటే నియమం. చెప్పకుండా ఒక రోజు రాకపోతే ఫోన్, రెండో రోజు రాకపోతే మనిషి. దీనికి సంఘం అక్కర్లేదు, చందా అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఒక నోటు పుస్తకం, రెండు రంగుల పెన్నులు చాలు.

బల్ల మీద జరిగే పనులు ఇంకా చాలా ఉన్నాయి. సూపరింటెండెంటుగారికి పెన్షన్ నిబంధనలు కంఠతా వచ్చు. 40 శాతం దాకా పెన్షన్‌ని కమ్యూట్ చేసి ఒకేసారి డబ్బు తీసుకుంటే, ఆ కోత తీరి పూర్తి పెన్షన్ తిరిగి రావడానికి 15 ఏళ్లు పడుతుంది. ఎవరికి ఏ నెలలో 15 ఏళ్లు నిండుతాయో ఆయన డైరీలో ఉంటుంది. నిండిన నెలలో ఆ మనిషి మైసూర్‌పాక్ తేవాలి. పెళ్లి మిఠాయికన్నా అది ఎక్కువ తీపిగా ఉంటుంది, ఎందుకంటే 15 ఏళ్లు బతికి తెచ్చుకున్న మిఠాయి అది.

ఒకసారి మా పాత తోటమాలి భార్య వచ్చింది. భర్త పోయి మూడు నెలలైంది, ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు ముందుకి కదల్లేదు. సర్వీసు రిజిస్టరులో ఆమె పేరుకి ముందు ఇంటిపేరు ఉంది, ఆధార్‌లో లేదు. పుట్టిన సంవత్సరం రెండు చోట్ల రెండు రకాలుగా ఉంది. ఆమె కాగితాల కట్టని కొంగులో చుట్టుకుని నిలబడింది. సూపరింటెండెంటుగారు కట్ట విప్పి, ఒక్కో కాగితం బల్ల మీద పేర్చి, ఎగిరిపోకుండా వాటి మీద కానుగ కాయలు పెట్టారు. ఏది నోటరీ అఫిడవిట్‌తో సరిపోతుందో, ఏది ఆధార్ కేంద్రంలోనే మార్పించాలో విడివిడిగా చెప్పారు. లైబ్రరీ మేడమ్ అర్జీ రాశారు. మూడు సార్లు ఆమె వెంట ఎవరో ఒకరం వెళ్లాం. పెన్షన్ పడిన నెలలో ఆమె ఒక డబ్బా నిండా సకినాలు తెచ్చి అందరి చేతుల్లో పెట్టింది. ఇంకేం మాట్లాడలేదు, అవసరమూ లేదు.

లైబ్రరీ మేడమ్ సంగతి చెప్పాలి. మొదట్లో ఆమె రోజూ ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చేవారు. మనవరాలికి బాక్సు కట్టి, ఇంట్లోవాళ్లకి టిఫిన్ పెట్టి వచ్చేసరికి మా మాటలు సగం అయిపోయేవి. ఉద్యోగానికి రిటైర్‌మెంట్ ఉంది గానీ వంటింటికి ఏ ప్రభుత్వమూ వయోపరిమితి పెట్టలేదు. అది గ్రహించాక బల్ల సమయం ఏడు నుంచి ఏడున్నరకి జరిపాం. ఆ అరగంట మార్పుతో ఇంకో నలుగురు ఆడవాళ్లు రాగలిగారు. ఎవరికీ వీలుకాని వేళలో పెట్టుకుని, రావడం లేదేమని అడగడం న్యాయం కాదని మాకప్పుడు తెలిసింది.

నెలకో ఆదివారం నా వంతు. నేను వృక్షశాస్త్రం చెప్పినవాణ్ని. చుట్టుపక్కల బస్తీ పిల్లల్ని వెంటబెట్టుకుని క్యాంపస్‌లో చెట్లు చూపిస్తాను. ఎండాకాలం మొదట్లో కానుగ ఆకులన్నీ రాల్చి, కొన్నాళ్లకే మెరిసే లేతాకులు తొడుగుతుంది. పండిన ఆకు ఒకటి ఏరి పిల్లలకిస్తాను. రాలే ముందు ఆకు తనలో ఉన్న నత్రజనిలో, భాస్వరంలో చాలా భాగం కొమ్మకి వెనక్కి పంపిస్తుంది. కాడ మొదట్లో ఒక సన్నని పొర ఉంటుంది, ఆ తర్వాత ఆ పొర దగ్గరే ఆకు విడిపోతుంది. చెట్టు ఆకుని విసిరేయదు. అది ఇవ్వవలసింది ఇచ్చేదాకా ఆగుతుంది. వయసు మళ్లినవాళ్లని మన భాష పండుటాకులంటుంది. ఆ మాట జాలిగా వాడతాం గానీ, చెట్టు చేసే పని తెలిస్తే అందులో ఎంత గౌరవముందో అర్థమవుతుంది.

యూనివర్సిటీలు ఈ పాఠం చెట్టు దగ్గర నేర్చుకోవాలని నా కోరిక. ఎమెరిటస్ గౌరవం దక్కేది కొందరికే. మిగిలినవాళ్లు అడిగేది చిన్నది. లైబ్రరీలో ఒక కుర్చీ, ఆరోగ్య కేంద్రంలో ఒక కార్డు, నెలకోసారి కూర్చోవడానికి ఒక గది. హెర్బేరియంలో పాత నమూనాల మీద వెలిసిపోయిన చేతిరాతని చదవగలిగేవాళ్లు ఇంకా ఉన్నారు. ఏ ల్యాబులో ఏ గొట్టం ఎక్కడికి పోతుందో తెలిసిన మెకానిక్కులు ఉన్నారు. పిలిస్తే వస్తారు. పిలవాలి.

డిసెంబరు 17న బల్ల దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చుంటాం. 1982లో అదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పిచ్చింది. పెన్షన్ దయతో ఇచ్చే కానుక కాదనీ, చేసిన సేవకి దక్కే హక్కనీ ఆ తీర్పు స్పష్టం చేసింది. అందుకే అది దేశమంతటా పెన్షనర్ల రోజు. మాకది పండుగతోపాటు బరువైన రోజు కూడా. మన రాష్ట్రంలో 2004 సెప్టెంబరు నుంచి ఉద్యోగంలో చేరినవాళ్లకి పాత పెన్షన్ లేదు. ఇరవై ఏళ్లు పాఠాలు చెప్పిన కాంట్రాక్టు అధ్యాపకులకి చివరి రోజున చేతిలో దండ తప్ప ఏమీ ఉండదు. వాళ్లు రేపు మా బల్ల దగ్గరికి రావడానికి మొహమాటపడితే ఆ తప్పు మాది. అన్న నోటు పుస్తకంలో పెన్షన్ నంబరుకి గడి లేదు. పేరు ఒక్కటే ఉంటుంది.

ఏటా నవంబరు వస్తే లైఫ్ సర్టిఫికెట్ల హడావుడి మొదలవుతుంది. బతికే ఉన్నామని ఏడాదికోసారి రుజువు చూపించాలి. ఇప్పుడు చాలామంది పెన్షనర్లకి ఆ పని ఫోన్‌లోనే అయిపోతుంది. బీటెక్ చదివే అన్న మనవరాలు బల్ల దగ్గరకొచ్చి, చేతకానివాళ్లకి ఫోన్ పట్టుకుని చూపిస్తుంది. "కండ్లు ఒక్కసారి మూసి తెరువు తాతా" అంటుంది. రెప్ప వేస్తే యంత్రం ఒప్పుకుంటుంది. ఏడాదికి ఒక రెప్పపాటుతో సర్కారు లెక్క సరిపోతుంది. మనిషిని మాత్రం రోజూ ఎవరో ఒకరు ఉన్నావా అని అడగాలి.

కెమిస్ట్రీ సార్ ఈ ఏడాది కొడుకు దగ్గరికి న్యూజెర్సీ వెళ్లారు. మాకు పొద్దున ఏడున్నర అయ్యేసరికి అక్కడ రాత్రవుతుంది. భోజనం చేసి, ఫోన్ తెరమీద కనిపిస్తారు. "అన్నా, నాకేం రాశారు, ఊరి పేరా?" అని అడుగుతారు. అన్న పుస్తకం తెరకి దగ్గరగా పెట్టి నీలం టిక్కు చూపిస్తాడు.

మొన్న జులై మొదటి తారీఖున ఒక కొత్త మనిషి కనిపించారు. జూన్ 30న రిటైరై ఉంటారు. ఇస్త్రీ చొక్కా, తళతళలాడే బూట్లు. నడవడానికి వచ్చినట్టు లేరు, ఇంట్లో ఉండలేక వచ్చినట్టుంది. మా వైపు చూసి, కాస్త దూరంలో నిలబడి, ఫోన్ చూస్తున్నట్టు తల దించుకున్నారు. ఆ నిలబడటం నాకు తెలుసు. అన్న లేచి వెళ్లాడు. ఏ డిపార్ట్‌మెంట్ అని అడగలేదు, ఏ హోదా అని అడగలేదు. పేరు అడిగి పుస్తకంలో కొత్త వరసలో రాశాడు. తర్వాత బల్ల చివర తన చోటు చూపించాడు.

"కూసోండి సార్. ఇయ్యాల్టి నుంచి మీ హాజరు గూడ మాదే."