“చూద్దాంలే” అన్నాము

2023 డిసెంబరులో ఒక సాయంత్రం వార్డు వాలంటీరు మా గుమ్మం ముందు నిలబడి, “ఇంట్లో పదిహేనేళ్ళు దాటిన పిల్లలున్నారా?” అని అడిగాడు. ఆ నెల 26న ప్రారంభం కానున్న ‘ఆడుదాం ఆంధ్రా’ పోటీలకు పేర్లు నమోదు చేస్తున్నారు. క్రికెట్, వాలీబాల్, బ్యాడ్మింటన్, కబడ్డీ, ఖోఖో ఆటలలో మగపిల్లలకూ ఆడపిల్లలకూ వేర్వేరుగా పోటీలు. సచివాలయం స్థాయిలో గెలిచినవారు మండలానికి, ఆపై నియోజకవర్గానికి, జిల్లాకు, రాష్ట్రానికి వెళ్తారు.

ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న మా అబ్బాయి క్రికెట్‌కు పేరిచ్చాడు. మమ్మల్ని అడగలేదు, అడగాలన్న ఆలోచన మాకూ రాలేదు. పదో తరగతి చదువుతున్న అమ్మాయి తలుపు చాటు నుండి వచ్చి, “అమ్మీ, నేను ఖోఖోకు రాయించుకోనా?” అన్నది. “చూద్దాంలే బేటీ, ముందు పరీక్షలు కానీ” అన్నాము. వాలంటీరు ఒక్క పేరు రాసుకొని వెళ్ళిపోయాడు.

జనవరిలో ఒక రాత్రి అబ్బాయి దుమ్ము కొట్టుకున్న బట్టలతో ఇంటికి వచ్చాడు. వాడికి అన్నం వడ్డిస్తూ అమ్మాయి నెమ్మదిగా అడిగింది: “అబ్బా, భయ్యాకు పరీక్షలు లేవా?”

ఉన్నాయి. వాడి ఇంటర్ పరీక్షలు మార్చి 2న, ఆమె పదో తరగతి పరీక్షలు మార్చి 18న మొదలవుతాయి. వాడివే ముందు. ఆ ప్రశ్నకు మా వద్ద జవాబు లేకపోయింది.

ఆ రాత్రి మేమిద్దరమూ పిల్లల దినచర్యను లెక్క వేసుకున్నాము. ఫజ్ర్ నమాజు తర్వాత అమ్మాయి ఇల్లు ఊడుస్తుంది. కుళాయి వచ్చే రోజైతే బిందెలు, డ్రమ్ములు నింపుతుంది. మార్కాపురంలో నీటి రోజు అంటే ఏమిటో ఇక్కడి ఇల్లాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. ఆపై బడి, అరబీ పాఠం, వంటింటి సాయం, చదువు. అబ్బాయికి అస్ర్ నుండి మగ్‌రిబ్ వరకు సమయమంతా తనదే. ఒకరు ఆడటానికి, మరొకరు ఆడకపోవటానికి కారణం ఆసక్తి కాదు. ఇంటి పనిని మేము పంచిన తీరు.

మా భయాలన్నీ నిరాధారమని అనము. దుస్తులు ఎలా ఉంటాయో, ఎవరు నేర్పుతారో, చీకటి పడేలోగా ఇంటికి చేరుతుందో లేదో అన్న ఆలోచన తల్లిదండ్రులకు ఉండవలసినదే. అయితే వీటిలో ఒక్క సంగతినైనా మేము ఎవరినీ విచారించలేదు. విచారించకుండానే “చూద్దాంలే” అన్నాము. ఆ మాటకు అర్థం “వద్దు” అని మాకంటే ముందు మా బిడ్డకే తెలిసింది.

దీనికి వెనుక మరో కథ ఉన్నది. మా ఊరు పలకలకు పేరుపొందింది. ఇక్కడి పలకలపై ఎన్నో ఊళ్ళ పిల్లలు అక్షరాలు దిద్దారు. ఆ పలకలను కోసి, చట్రాలు బిగించిన చేతులలో పసిచేతులూ ఉండేవి. పిల్లల దాదీ కూడా చిన్ననాడు ఆ పని చేసినవారే. ఆట అంటే పని ఎగ్గొట్టటమే అన్న భావన ఆ తరం నుండి మాకు వచ్చిందని అనుకునేవాళ్ళము. కానీ సంగతంతా విన్న దాదీ అన్నమాట వేరు: “మధ్యాహ్నం సందు దొరికితే తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్ళం. ఆ కాసేపే నాకు ఇప్పటికీ గుర్తుంది. పిల్లను పోనీయండి.”

దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారని, ఒకసారి ఆమె, తర్వాత ఒకసారి ఆయన గెలిచారని హదీసు గ్రంథాలలో చదువుతాము. ఆయన ఇంట ఉన్నప్పుడు ఇంటివారి పనులలో పాలుపంచుకునేవారని కూడా చదువుతాము. ఈ రెండింటినీ మేము ఎన్నడూ కలిపి ఆలోచించలేదు. ఇంటి పనిలో మగవారి చెయ్యి పడితేనే కదా, ఆడపిల్లకు పరుగెత్తే వేళ దొరికేది!

ఆ పోటీలు ఫిబ్రవరి 13న విశాఖపట్నంలో ముగిశాయి. మా అబ్బాయి జట్టు వార్డు కూడా దాటలేదన్నది వేరే సంగతి! ఆ యేడు పదో తరగతి పరీక్షలు రమజాన్‌లోనే వచ్చాయి. అమ్మాయి ఉపవాసాలుంటూనే వ్రాసింది. పండుగ తర్వాత మేము నలుగురైదుగురు తల్లులతో మాట్లాడి, ఒక పాఠశాల ఆవరణను అడిగి తీసుకున్నాము. ఫజ్ర్ తర్వాత, ఎండ ముదరక ముందే ఆట. నిండైన దుస్తులు, తలపై స్కార్ఫు, గట్టున వంతుల వారీగా ఒక తల్లి. నీటి రోజున బిందెలు అబ్బాయివి. మొదట గొణిగాడు, తర్వాత అలవాటు పడ్డాడు.

తొలినాడు ఐదుగురే వచ్చారు. ఖోఖోలో పట్టే జట్టుకే తొమ్మిది మంది కావాలి. పదిహేను రోజులకు పద్నాలుగురయ్యారు. గట్టున కూర్చున్న మాకు అమ్మాయి నియమాలు చెప్పింది: “వరుసలో కూర్చున్నవాళ్ళు తమంతట తాము లేవకూడదు అమ్మీ. వెనుక నుండి ఒకరు ‘ఖో’ అనాలి.”

ఆమె ఆట సంగతే చెప్పింది. మేము మాత్రం తల వంచుకున్నాము. పోయిన డిసెంబరును తిరిగి తెచ్చి ఇవ్వటం మా చేతిలో లేదు. సంతానం మన వద్ద అల్లాహ్ ఉంచిన అమానత్. మీ గుమ్మంలోకి అటువంటి పిలుపు వచ్చినప్పుడు “చూద్దాంలే” అనకండి. వెళ్ళి నిజంగా చూసి రండి. అవుననండి, కాదనండి; బిడ్డకు కారణం చెప్పండి. ఆ కారణం కొడుకుకూ కూతురుకూ ఒకటే అయి ఉండాలి.