44 నంబరు జర్కిన్

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని తమ్ముళ్లు ఫోన్ చేసినప్పుడు ఏం రాయాలో తోచలేదు. హాస్టల్ అన్నం గురించి, నీళ్ల చారు గురించి, పరీక్షలప్పుడు తెల్లవారుజామున లేచి చదివిన చదువు గురించి నాకంటే బాగా రాసేవాళ్లు ఉన్నారు. ప్రతి సంచికలోనూ రాస్తూనే ఉన్నారు. అందుకని నేను కొన్న ఒక లెదర్ జర్కిన్ గురించి రాస్తాను. నవ్వకండి. మే నెలలో 43, 44 డిగ్రీలు కాసే మన కడప జిల్లాలో జర్కిన్‌తో పనేముందని అడుగుతారేమో. పని లేదు నిజమే. కానీ మన పిల్లలు ఇప్పుడు ఢిల్లీకి, చండీగఢ్‌కు చదువులకూ ఉద్యోగాలకూ పోతున్నారు. వాళ్లలో ఒక్కరైనా నాలాగా డబ్బులు పోగొట్టుకోకుంటే చాలు.

నేను 1993లో ఆరో తరగతికి ప్రొద్దుటూరు హాస్టల్లో చేరాను. ఆ రోజుల్లో సరిపోయే చొక్కా వేసుకున్నట్టు నాకు గుర్తు లేదు. ఇంట్లో కుట్టించినా, హాస్టల్లో ఇచ్చినా ఒక సైజు పెద్దదే. "పెరిగే పిల్లోడు, వచ్చే ఏడు కూడా వస్తాది" అనేది మా అమ్మ. చేతులు మడుచుకుని, నిక్కరుకు మొలతాడు బిగించుకుని తిరిగేవాళ్లం. చొక్కా సరిపోయే వేళకు మోచేతుల దగ్గర చినిగేది. అలా పెద్ద సైజు తీసుకోవడమే తెలివి అని నా బుర్రలో స్థిరపడిపోయింది. మీలో చాలామందికి కూడా ఇదే అలవాటు ఉంటుందనుకుంటాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా నాయన పులివెందులలో రోడ్డు పక్కన కూర్చుని చెప్పులు కుట్టేవాడు. మా జేజినాయన కాలంలో తోలు ఊనడం కూడా ఇంటి దగ్గరే. పచ్చితోలును సున్నపు నీళ్లలో వేసి వెంట్రుకలు ఊడగొట్టి, తర్వాత తంగేడు చెక్క, కరక్కాయ వేసిన నీళ్లలో రోజుల తరబడి నానబెట్టేవారట. నాయన నాటికి తయారైన తోలు కొనుక్కోవడమే. కానీ తోలును చేత్తో తడిమి అది వీపుదో, పొట్టదో చెప్పేవాడు. వీపు తోలు గట్టిగా ఉంటుంది, పొట్ట తోలు సాగుతుంది. హాస్టల్లో ఎవరైనా అడిగితే నేను మాత్రం "మా నాయనకు చెప్పుల షాపుంది" అనేవాణ్ణి.

జమ్మలమడుగులో డిగ్రీ రెండో సంవత్సరం చదివేటప్పుడు నాయన నాకు ఒక జత చెప్పులు కుట్టి తెచ్చాడు. సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు నన్ను పాత పేపరు మీద నిలబెట్టి పాదం చుట్టూ పెన్సిలుతో గీత గీసుకున్నాడు. ఆ గీత ప్రకారం కుట్టినవే. నేను ఆయనను హాస్టల్ దాకా రానీయలేదు. బస్టాండులోనే ఆ పొట్లం తీసుకున్నాను. ఆయనకు అర్థమైంది. ఏమీ అనలేదు. టీ తాగి తిరుగు బస్సు ఎక్కినాడు.

2006 చివర్లో నాకు ఉద్యోగం వచ్చింది. జనవరిలో ఢిల్లీలో ట్రైనింగు. అక్కడ చలి నాలుగైదు డిగ్రీలకు దిగుతుందని భయపెట్టారు. ఒక పని మీద బెంగళూరు పోయినవాణ్ణి అక్కడే ఒక షాపులో లెదర్ జర్కిన్ కొన్నాను. వెల 3,200 రూపాయలు. నా ఛాతీ 38 అంగుళాలు. తీసుకున్నది 44 నంబరు. లోపల స్వెట్టర్ పడుతుందన్నాడు షాపతను. అతనిదే తప్పని అనలేను. అదే డబ్బుకు ఎక్కువ తోలు వస్తుంది కదా అని నేను కూడా లోపల లెక్క వేసుకున్నాను.

ఇంటికొచ్చి వేసుకుని చూపిస్తే నాయన చేతిలో పని పక్కన పెట్టి నా చుట్టూ ఒకసారి తిరిగి చూసినాడు.

"ఇది నీ కొలత కాదు రా అబ్బోడా. భుజం చూడు, యాడికి దిగిందో."

"నీకేం తెలుసు నాయనా, ఇది చెప్పు కాదు" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

కానీ అద్దంలో చూసుకుంటే నాకే తెలుస్తూ ఉంది. బిల్లు మీద చూస్తే అమ్మిన సరుకు వాపసు లేదని ఉంది. ప్రొద్దుటూరు అంటే బంగారానికీ బట్టలకూ పేరు పడిన ఊరు, అక్కడ కాని టైలరింగు పని ఉండదనే నమ్మకంతో తీసుకుపోయి ఒకాయనకు ఇచ్చాను. రెండు పక్కలా పట్టిస్తానన్నాడు. చంక కింద కుట్టు విప్పి, గుడ్డ కుట్టే మిషన్ మీదే పెట్టి లాగించాడు. మధ్యలో సూది విరిగింది. చొక్కా బిగువైతే విప్పి మళ్లీ కుడతాం కదా, అలాగే విప్పి మళ్లీ కుట్టాడు. పాత బెజ్జాల పక్కన కొత్త బెజ్జాలు పడి ఆ అంచు తపాలా బిళ్ల అంచులాగా తయారైంది. కాస్త లాగితే చినిగేటట్టుంది. ఇక నావల్ల కాదని చేతిలో పెట్టాడు.

పులివెందులకు తిరిగొచ్చి మాట్లాడకుండా నాయన ముందర పెట్టినాను. ఆయన కూడా మాట్లాడలేదు. కాసేపటికి ఆ బెజ్జాల మీద వేలు పెట్టి చూపించి, "గుడ్డకైతే దారం తీసేసినాక మూసుకుంటాది. తోలుకు పడిన బెజ్జం చచ్చేదాకా ఉంటాది. అందుకే కొలత ముందర, సూది తర్వాత" అన్నాడు. చినగబోయే చోట లోపలి వైపు పలుచటి తోలు ముక్క అతికించి, మైనం పట్టించిన దారంతో, ఆరె పట్టుకుని పాత బెజ్జాల్లోనే చేత్తో కుట్టినాడు. వేళ్ల మీదికి దిగుతున్న చేతుల అంచులు కత్తిరించకుండా లోపలికి మడిచి, సొల్యూషన్ పూసి, గూటంతో మెల్లగా తట్టి, మళ్లీ కుట్టినాడు. భుజం మాత్రం ఆయన చేతిలో కూడా లేదు. భుజం సరిచేయాలంటే చేతులు మొత్తం ఊడదీయాలి, మళ్లీ బెజ్జాలే.

ఢిల్లీ చలిలో నాకు ఇంకో సంగతి తెలిసింది. వదులు జర్కిన్ చలి ఆపదు. ఒంటి వేడికి లోపలి గాలి వెచ్చబడి అక్కడే నిలవాలి. నా దానిలో అడుగు వేసిన ప్రతిసారీ కింద నుంచి చల్లగాలి దూరేది. లోపల రెండు స్వెట్టర్లు వేసి నింపుకున్నాను. తోటివాళ్లు సంచి అని పిలిచేవారు.

2012లో రెండోది కొనేటప్పుడు నాయనకు ఫోన్ చేసి అడిగి కొన్నాను. ఆయన చెప్పినవి, నేను తర్వాత తెలుసుకున్నవి కలిపి చెబుతున్నాను. మొదట చూడాల్సింది భుజం. చెయ్యి అతికిన కుట్టు సరిగ్గా భుజం ఎముక చివర ఉండాలి. కిందికి జారితే ఎంత బాగున్నా తీసేయండి. నడుము కొంచెం వదులైతే తెలిసినవాడు పట్టించగలడు, భుజం పట్టించడం చాలా కష్టం. ఛాతీని చంకల కింద టేపు పెట్టి, లోపల ఏం వేసుకుంటారో అది వేసుకునే కొలవండి. జర్కిన్ మీది 38, 40 అనే నంబర్లు సాధారణంగా ఛాతీ అంగుళాలే. 48, 50 అని ఉంటే కంగారు పడొద్దు, అవి యూరపు నంబర్లు, పది తీసేస్తే మన లెక్కకు వస్తాయి. ఎల్లు, ఎక్సెల్లు అనేవి మాత్రం కంపెనీకొక రకం, వాటిని నమ్మలేం. జిప్పు పూర్తిగా వేసి కూర్చుని చూడండి, బస్సులో కడ్డీ పట్టుకున్నట్టు చేతులు పైకెత్తి చూడండి. కొత్తది ఒంటికి కాస్త బిగువుగానే ఉండాలి, ఎందుకంటే వాడే కొద్దీ వీపు దగ్గర, మోచేతుల దగ్గర తోలు వదులవుతుంది. గొర్రె తోలు తొందరగా, గేదె తోలు ఆలస్యంగా. జిప్పు మాత్రం సాగదు. అది పడకపోతే రేపు పడుతుందని ఆశ పెట్టుకోవద్దు. మోచేయి దగ్గర ముడతలు పడి చేతులు పైకి లాక్కుంటాయి కాబట్టి కొత్తప్పుడు మణికట్టు ఎముక దాటి ఒక వేలెడు ఉంటే మంచిది. రెగ్జిన్ అయితే ఈ లెక్కలేవీ వర్తించవు, అది ఒంటికి తగ్గట్టు మారదు, కొన్నాళ్లకు పొరలు పొరలుగా ఊడిపోతుంది. కత్తిరించిన అంచు చూడండి. తోలైతే పీచు కనబడుతుంది, రెగ్జిన్ అయితే వెనక గుడ్డ కనబడుతుంది.

మన కొలతలు మనకు లేవనే మాట కూడా నాయన అనేవాడు. కంపెనీ బూట్లు తెచ్చి బొటనవేలి దగ్గర కరుస్తున్నాయనే వాళ్లతో "మన పాదం ముందర వెడల్పు, దొర పాదం కాదు" అనేవాడు. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ వాళ్లు 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశంలో 79 చోట్ల లక్ష మందికి పైగా పాదాలు కొలిచారు. తేలిందేమంటే మన పాదాలు తెల్లవాళ్ల పాదాల కంటే వెడల్పు. ఆ కొలతలతో మన దేశానికంటూ ప్రతిపాదించిన సైజుల పద్ధతికి భా అని పేరు పెట్టారు. పేపర్లో చదివి నవ్వుకున్నాను. చెబుదామంటే నాయన లేడు. 2015లో పోయినాడు.

ఆ 44 నంబరు జర్కిన్ అమ్మలేదు, పారేయలేదు. పోయిన ఏడు వార్షికోత్సవానికి ప్రొద్దుటూరు వచ్చినప్పుడు సంచిలో పెట్టుకుని వచ్చాను. చండీగఢ్‌లో సీటు వచ్చిన ఒక తమ్ముడు ఉన్నాడని, మంచి ఒడ్డూపొడుగూ ఉన్న పిల్లోడని విన్నాను. టేపు లేక పురికొసతో కొలిచి, స్కేలుకు పెట్టి చూస్తే ఛాతీ 43. వేయించి చూశాను. భుజం కుట్టు భుజం ఎముక మీదికే వచ్చింది. చేతులెత్తమన్నాను, కూర్చోమన్నాను, జిప్పు వేయమన్నాను. అన్నీ సరిపోయాయి. చేతులు మాత్రం కాస్త పొట్టిగా ఉన్నాయి. ఆ పిల్లోడు అంచు తిప్పి చూసి, "మిషన్ కుట్టు మాదిరి లేదే, ఎవరు కుట్టినారన్నా?" అని అడిగాడు.

చుట్టూ పదిహేను మంది పిల్లలు ఉన్నారు, నాతో చదివిన వాళ్లు ఇద్దరు ముగ్గురు ఉన్నారు.

"మా నాయన. పులివెందులలో రోడ్డు పక్కన చెప్పులు కుట్టేవాడు" అన్నాను. తర్వాత ఆ మడత కుట్టు ఎలా విప్పి పొడుగు చేసుకోవాలో వాడికి చూపించాను. నాయన లోపల ఏమీ కత్తిరించలేదు, తోలు అంతా అలాగే ఉంది.