రెండు దేశాలూ, అమ్మ మోకాళ్ళూ

ప్రయాణం చెయ్యడం ఒక ఎత్తు, ప్రయాణం అనుకోవడం ఒక ఎత్తు. మా వంశంలో రెండో విద్యలో ఆరితేరినవాళ్ళే ఎక్కువ. మా నాన్నగారు కాశీ వెళ్ళాలని 30 ఏళ్ళు అనుకున్నారు. రైల్వే టైంటేబులు కొత్తది వచ్చినప్పుడల్లా కొని, తెనాలిలో ఎక్కితే ఎక్కడ బండి మారాలో, గంగాస్నానానికి ఏ పూటకు చేరతామో ఎర్రసిరాతో గుర్తులు పెట్టేవారు. ఒక ఏడు కోతలు అడ్డం వచ్చాయి. ఒక ఏడు తుఫాను. ఇంకో ఏడు అక్కయ్య పురుడు. ఆయన పోయిన తరవాత బీరువా తీస్తే పదకొండు టైంటేబుళ్ళు దొరికాయి. కాశీ మాత్రం ఎక్కడ వున్నది అక్కడే వుంది.

అందుచేత మా ఇంట్లో రెండు దేశాల ప్రయాణం మాట లేచినప్పుడు నేను సన్నపాటి నోటుబుక్కు ఒకటి కొన్నాను. అది నిండేలోగా టిక్కెట్లు కొని తీరాలని షరతు పెట్టుకున్నాను. లావుపాటి పుస్తకం కొంటే మళ్ళీ నాన్నగారి దారే అవుతుందని భయం.

మాది మూడు ఊళ్ళ సంసారం. నేను తెనాలిలో బడిపంతులుగా చేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. అక్కయ్య, బావగారు బాపట్లలో వుంటారు. బావగారు అక్కడి వ్యవసాయ కళాశాలలో పనిచేసి రిటైరయ్యారు. అమ్మ రేపల్లెలో, నాన్నగారు కట్టించిన పెంకుటింట్లోనే వుంటుంది. వయస్సు 76. మా దగ్గరికి రమ్మంటే, "మీ ఇంట్లో నేను చుట్టాన్ని, ఇక్కడ యజమానురాలిని" అంటుంది. మా అబ్బాయి హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం చేస్తున్నాడు. వాడే ఒకరోజు ఫోనుచేసి, "నాన్నా, మూడు వారాలు సెలవు దొరికేట్టుంది. రానూపోనూ విమానం ఖర్చు ఎట్లాగూ తప్పదు. ఒక దేశం బదులు రెండు చూసొద్దాం" అన్నాడు. మధ్యతరగతివాడి లెక్క అంతే గదా! దారి ఖర్చులు కలిసి వస్తాయంటే చంద్రమండలానికైనా సిద్ధమే.

మరి ఏ రెండు? ఎవరి కోరిక వారిది. బావగారికి మెకాంగ్ నది డెల్టా చూడాలని. అక్కయ్యకు కాంబోడియాలో ఆంకోర్‌వాట్ చూడాలని. అబ్బాయికి వియత్నాం ఉత్తరాన హనోయి, హాలాంగ్ అఖాతం చూడాలని. మా ఆవిణ్ణి అడిగితే, "నేను పొయ్యి వెలిగించని ఇరవై రోజులు ఏ దేశంలో వున్నా నాకు సమ్మతమే" అంది. ముందు థాయిలాండు, కాంబోడియా కలుపుదామనుకున్నాం. కాని ఆ రెండింటికీ మధ్య 2025లో సరిహద్దు పోరాటాలు జరిగాయి. పొరుగువాళ్ళు పోట్లాడుకునే సందులోనుంచి చుట్టపుచూపుగా నడవడం ఎందుకని బావగారు కొట్టిపారేశారు. ఆవిధంగా కాంబోడియా, వియత్నాం ఖాయమయ్యాయి.

ఇక పంచాంగం. రెండు దేశాలు పక్కపక్కనే వున్నాయి గనక వాతావరణం ఒకటేననుకుంటాం. కాదు. కాంబోడియాలో వానలు నవంబరుకు వెనకపడతాయి. ఏప్రిల్ వచ్చిందంటే ఎండ మన రెంటచింతలను తలపిస్తుంది. వియత్నాం ఉత్తరం నుంచి దక్షిణానికి 1,600 కిలోమీటర్లకు పైగా సాగిన పొడుగాటి దేశం. హనోయిలో జనవరిలో చలి, మసక తుంపర. నడుమ దనాంగ్, హోయాన్ ప్రాంతంలో అక్టోబరు, నవంబరు నెలల్లో వరదలు. దక్షిణాన సైగాన్‌లో డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా పొడి. వీటికి తోడు వాళ్ళ సంవత్సరాది టెట్ జనవరి చివరనో, ఫిబ్రవరిలోనో వస్తుంది. ఆ రోజుల్లో దుకాణాలు మూస్తారు. రైళ్ళు, బస్సులు మన సంక్రాంతి బళ్ళల్లాగే కిటకిటలాడతాయి. ఇటు చూస్తే మా కోతలు, నూర్పిళ్ళు, ఆపైన సంక్రాంతి. అన్నీ తీసివేయగా ఫిబ్రవరి చివరి వారం, మార్చి మొదటి రెండు వారాలు మిగిలాయి. మొత్తం 22 రోజులు.

ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. పేచీ అమ్మ దగ్గర వచ్చింది.

"నానమ్మను ఆ మూడు వారాలూ ఎవరి దగ్గరన్నా వుంచుదాం. అంత దూరం ఆవిడ నడవలేదు" అన్నాడు అబ్బాయి. ప్రేమ లేక కాదు. మోకాళ్ళ నొప్పులని తెలిసే అన్నాడు. అక్కయ్య తలవూపింది. అమ్మకు ఆ మాట చెప్పడానికి నేనే రేపల్లె బండి ఎక్కాను. వేమూరు, భట్టిప్రోలు దాటుతూ ఏం చెప్పాలా అని మాటలు కూడబలుక్కుంటున్నాను. నేను చెప్పేలోగానే అమ్మకు విషయం తెలిసిపోయింది. అక్కయ్యకు నోట్లో మాట దాగదు.

"వెళ్ళి రండి నాయనా. నాకేం, గడపలో కూచుంటే రోజు గడిచిపోతుంది" అంది. అని, కాఫీ ఇచ్చి, కాసేపాగి, "ఆ గుళ్ళో మెట్లు ఎన్నిట?" అని అడిగింది.

వెళ్ళనన్న మనిషికి మెట్ల లెక్క ఎందుకండీ? నాకు ఎర్రసిరా గుర్తులున్న పదకొండు టైంటేబుళ్ళూ కళ్ళముందు కనిపించాయి. ఆ కాశీ కోసం అట్లకాడ చేతిలో పట్టుకుని ఎదురుచూసిన రెండో మనిషి ఈవిడే గదా!

అప్పటినుంచి నా నోటుబుక్కు పద్ధతి మారిపోయింది. ఏమేం చూడాలి అన్న లెక్క మానేసి, అమ్మ ఎంత నడవగలదు అన్న లెక్క మొదలుపెట్టాను.

ముందు మెట్లు. ఆంకోర్‌వాట్‌ను 12వ శతాబ్దిలో రెండవ సూర్యవర్మ అనే ఖ్మేర్ రాజు విష్ణువుకు కట్టించాడు. తరవాత అది బౌద్ధక్షేత్రమైంది. నడిమి గోపురం మీదికి మెట్లు నిలువుగా, నిచ్చెనలాగా వుంటాయి. అమ్మ వల్ల కాదు. కాని క్షీరసాగర మథనం శిల్పం కోసం అంత పైకి ఎక్కనక్కర లేదు. కింది ప్రాకారపు వసారాలోనే, సుమారు 50 మీటర్ల పొడుగున, ఒకవైపు 92 మంది అసురులు, ఒకవైపు 88 మంది దేవతలు వాసుకిని పట్టుకుని లాగుతూ వుంటారు. మరో వసారాలో కురుక్షేత్రం, లంకాయుద్ధం. అమ్మకు పరిచయం అక్కరలేని కథలు. గైడు చెప్పేలోగా తానే చెప్పగలదు.

తరవాత టిక్కెట్టు. ఆంకోర్‌కు ఒకరోజు టిక్కెట్టు 37 డాలర్లు, మూడు రోజులది 62. ఆ మూడురోజులూ వరసగా చూడనక్కర లేదు. పది రోజుల్లో ఏ మూడు రోజులైనా వాడుకోవచ్చు. ఈ ఒక్క సంగతి మా ప్రణాళికను ఒడ్డున పడేసింది. ఒకరోజు గుడి, మర్నాడు విశ్రాంతి. పొద్దున్నే నాలుగు గంటలు చూడడం, ఎండ ముదిరేలోగా బసకు చేరడం.

మూడోది దారి. కాంబోడియాకు ఒకసారి, వియత్నాంకు ఒకసారి, అంతే. వచ్చిన దారి మళ్ళీ తొక్కకూడదు. వియత్నాం వీసా ఒకసారి ప్రవేశించడానికి 25 డాలర్లు, పలుమార్లయితే 50. ముందు వియత్నాంలో దిగి, కాంబోడియా చూసి, విమానం కోసం తిరిగి వియత్నాం వచ్చేవాళ్ళకు రెండో రకం కావాలి. మేము చెన్నైలో విమానం ఎక్కి, మధ్యలో ఒకచోట మారి, ఆంకోర్ వున్న సియంరీప్‌లో దిగుతాం. 2023లో తెరిచిన కొత్త విమానాశ్రయం ఊరికి దూరం గనక కారు ముందే మాట్లాడుకోవాలి. అక్కడినుంచి రోడ్డున రాజధాని నాంపెన్. నాంపెన్ నుంచి మెకాంగ్ మీద పడవలో, నది వెంటే సరిహద్దు దాటి, వియత్నాంలోని చౌదాక్.

పడవ మాట వినగానే అమ్మ మొహం విప్పారింది. పెనుమూడి రేవులో కృష్ణ దాటిన రోజులు ఆవిడకు ఇంకా నిన్నమొన్నటివే.

చౌదాక్ తరవాత కాంతో. ఇక్కడ బావగారి రాజ్యం. అయిదు రోజులు అడిగారు, మూడిచ్చాం. "ఏం చూస్తారు బావగారూ, ఇక్కడా వరే అక్కడా వరే గదా" అంటే ఆయనకు కోపం వచ్చింది. "బావా, ఒక విత్తనం రెండు డెల్టాల రాత మార్చిందయ్యా" అని మొదలుపెట్టారు. 1966లో ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐ.ఆర్.8 విడుదల చేసింది. మరుసటి ఏడే పశ్చిమగోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావుగారు దాన్ని పండించి పేరుతెచ్చుకున్నారు. అదే వంగడాన్ని వియత్నాం రైతులు "హోండా వరి" అన్నారు. ఆ పంట డబ్బుతో హోండా మోటారు సైకిళ్ళు కొన్నారట. మన వాళ్ళకు బాపట్ల నుంచి 1986లో సాంబమసూరి, అంటే బి.పి.టి.5204, వచ్చింది. సముద్రపు ఉప్పునీరు ఎగదన్నడం నిజాంపట్నం వైపు మనకెంత బాధో, మెకాంగ్ ముఖద్వారాల దగ్గర వాళ్ళకూ అంతే. వాళ్ళు కొన్నిచోట్ల వానాకాలం వరి వేసి, ఉప్పునీటి కాలంలో అదే పొలంలో రొయ్యలు పెంచుతారు. అది కళ్ళారా చూడాలని ఆయన పట్టు.

కాంతో నుంచి సైగాన్, అదే నేటి హోచిమిన్ నగరం. దాన్ని ఒకప్పుడు తూర్పుదేశపు పారిస్ అనేవారు. ఆంధ్రా పారిస్ నుంచి వెళ్ళేవాణ్ణి గనక నేను తల ఎగరేసుకునే దిగుతాను. అక్కడి చరిత్ర ప్రదర్శనశాలలో ఒక కంచు బుద్ధుడున్నాడు. 1911లో దోంగ్‌దుయాంగ్ అనే చోట దొరికాడు. పండితులు ఆ శిల్పాన్ని మన అమరావతి శైలితో పోల్చి చూస్తారు. 1892లో ధాతుపేటికలు బయటపడిన భట్టిప్రోలు మీదుగా రోజూ రైలెక్కేవాళ్ళం, ఆయన్ను పలకరించకుండా రావడం మర్యాద కాదు.

చివరగా విమానంలో దనాంగ్. దగ్గరలో మీసన్ శివాలయాలు. చంపా రాజులు 4వ శతాబ్ది నుంచి అక్కడ ఈశ్వరుణ్ణి కొలిచారు. 1969లో బాంబులు పడి పెద్దగుడి కూలింది. ఇటీవల మన పురావస్తు శాఖవారు వెళ్ళి జీర్ణోద్ధరణ చేస్తుండగా 2020లో ఏకశిలా శివలింగం బయటపడింది. అమ్మకు ఈ సంగతి చెబితే, "పాపం, ఆయన అన్నాళ్ళూ మట్టిలోనే వున్నాడా?" అంది, ఎవరో ఇరుగుపొరుగు మనిషి గురించి అన్నట్టు.

మరి హనోయి, హాలాంగ్? ఆ రెండూ పెట్టాలంటే అయిదు రోజులు కావాలి. ఆ అయిదు రోజులూ అమ్మ విశ్రాంతి రోజుల్లోంచి తియ్యాలి. నోటుబుక్కు అబ్బాయి ముందు పెట్టాను, ఏమీ అనలేదు. వాడు చాలాసేపు చూసి, పెన్సిలుతో ఆ రెండు పేర్లూ వాడే కొట్టేశాడు. "హాలాంగ్ ఎక్కడికీ పోదు నాన్నా" అన్నాడు. రెండోసగం మాట వాడూ అనలేదు, నేనూ అనలేదు. మా ఆవిడ లేచి లోపలికి వెళ్ళింది.

పాసుపోర్టు పని అమ్మదే కొత్త. జననపత్రం లేదు. 2023 అక్టోబరు 1కి ముందు పుట్టినవాళ్ళకు పాన్‌కార్డు, వోటరుకార్డు లాంటివి ఒప్పుకుంటారు గనక బతికిపోయాం. అయితే ఇంటిపేరు ఒక కాగితంలో పొట్టిగా, ఒక కాగితంలో నిండుగా వుంది. అది సరిచేయడానికే ఒక నెల పట్టింది. మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళుంటే ఆ పని ఇవాళే చూసుకోండి.

భోజనం సంగతి మా ఆవిడ కనిపెట్టింది. వియత్నాం వంటలో చేపల రసం చేరని కూర అరుదు. కాని బౌద్ధుల శాకాహార ఫలహారశాలలు ఊరూరా వున్నాయి. వాటి మీద "చాయ్" అని వుంటుంది. మనకు చాయ్ అంటే తేనీరు, వాళ్ళకు శాకాహారం. అమావాస్యకు, పున్నానికి చాలామంది మాంసం ముట్టరట. "అయితే మనవాళ్ళే" అని అమ్మ తేల్చేసింది. అయినా కందిపొడి, గోంగూర పచ్చడి పెట్టెలో పడ్డాయి. పచ్చడి మాత్రం చేతిసంచిలో కాదు, సామానులో వెయ్యాలి. నూనె గనక విమానంలోకి రానివ్వరు.

డబ్బు దగ్గర అమ్మ ఒక మెలిక పెట్టింది. పుట్టింటివారు పసుపుకుంకుమల కింద ఇచ్చిన ఎకరం తాలూకు కౌలు డబ్బు తెచ్చి నా చేతిలో పెట్టింది. "నా టిక్కెట్టు నాది. మీ నాన్నగారిది కూడా ఇందులోనే వుందనుకో" అంది. నేను పుచ్చుకున్నాను. వద్దనడానికి నోరు రాలేదు.

డాక్టరుగారు చూసి, మందులు చీటీతో సహా వెంట వుంచుకోమని, విమానంలో గంటకోసారి లేచి నాలుగడుగులు వెయ్యమని చెప్పి పంపారు. ప్రయాణపు బీమా కూడా తీసుకున్నాం. వీసా నిబంధనలు మారుతూ వుంటాయి గనక బయలుదేరే ముందు మరోసారి చూసుకోవాలి.

టిక్కెట్లు కొన్నాం. నోటుబుక్కులో ఇంకా ఆరు కాగితాలు మిగిలాయి. 22 రోజుల్లో ఏడు రోజులకు ఎదురుగా "విశ్రాంతి" అని తప్ప మరోమాట లేదు. చూసినవాళ్ళు, "రెండు దేశాలు పోయి నిద్రపోతారా?" అని నవ్వుతున్నారు. నవ్వనివ్వండి. ఎన్ని ఊళ్ళు చూశామన్నది తిరిగొచ్చాక చెప్పుకోవడానికి. ఎవరితో కలిసి చూశామన్నది మనకోసం.

ప్రస్తుతం అమ్మ రేపల్లెలో రోజూ సాయంత్రం డాబా మెట్లు ఎక్కి దిగుతోందట. నిన్న ఫోనులో, "ఇవాళ పద్ధెనిమిది" అని మాత్రం చెప్పి పెట్టేసింది.