ఏ సంకేతమును నమ్మవలెను?

మిరపకు కళ్లము మొదలు అమ్మకము వఱకు తేమయే శత్రువని మా గుంటూరు సీమలో నెఱుగనివారు లేరు. నల్లరేగడిలో నెలలకొలది పెంచి, కోయించి, ఎండబెట్టిన కాయలో నూటికి 10 పాళ్లకు మించి తేమ మిగిలెనేని బూజుపట్టును, రంగు చెడును. తుదకు తాలుకాయ ధరకు పోవును. శీతల గిడ్డంగికి చేర్చులోపల కొన్నిదినములు టిక్కీలను ఇంటనే యుంచుకొనక తప్పని కాపు సంసారములు పెక్కు గలవు. మాదియు నట్టిదే. ఆ టిక్కీలలో నుండునది సంవత్సరపు కష్టము. ఎరువుల యప్పు, కూలీల బాకీ కూడ వానితోనే తీరవలెను.

అందుచేత మా యింటి వెనుకగదిలో తేమను కొలిచి, అది హెచ్చినప్పుడు మా నాయనగారి ఫోనునకు కబురంపు చిన్న యంత్రమును అమర్చితిమి. దాని మెదడు ఇ.ఎస్.పి. 32 అను మైక్రోకంట్రోలరు. షాంఘై నగరపు సంస్థ యొకటి దీనిని 2016లో విడుదల చేసినది. అగ్గిపెట్టెలో నిముడునంతటి పలకపై గణితశక్తియు వైఫై శక్తియు రెండును గలవు. మా యిల్లు పొడవైనది, గోడలు మందమైనవి. కావున ముందువసారాలో నొకటి, వెనుకవసారాలో నొకటి రౌటర్లనుంచి, రెంటికి నొకే పేరును, ఒకే రహస్యపదమును పెట్టితిమి.

కొన్నిదినములు అంతయు చక్కగా జరిగినది. ఒకనాటి రాత్రి కరెంటు పోయి వచ్చిన పిమ్మట కబురు రాలేదు. తెల్లవాఱుజామున మా యమ్మ గది తలుపుతీసి రెండు టిక్కీలలో చేయిపెట్టి చూడగా కాయ మెత్తబడియుండెను. పొద్దెక్కకముందే అందఱము కూడి వానిని పట్టలపై పఱచి యెండబెట్టితిమి గనుక సరుకు దక్కినది.

పిదప యంత్రమును పరిశీలింపగా, అది ప్రక్కనున్న వెనుక రౌటరును విడిచి, దూరపు ముందు రౌటరును పట్టుకొనియున్నది. ముందుదాని బలము −84 డి.బి.ఎం.; వెనుకదాని బలము −52. ఈ లెక్కలో సున్నకు దగ్గఱయైన కొలది సంకేతము బలమైనది. ప్రతి 10కి శక్తి పదిరెట్లు మాఱును గనుక, 32 తేడా యనగా సుమారు 1,600 రెట్లు! ఇంతటి బలము చెంతనుండగా అది బలహీనమైన దానిని వ్రేలాడుచుండెను.

కారణమేమి? వైఫైకి 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో మన దేశమున 13 మార్గములు గలవు. ఈ యంత్రము సహజముగా 1వ మార్గమునుండి వెదకుచు, తానెఱిగిన పేరు వినబడిన తక్షణమే ఆగి అచ్చటనే చేరును. మా ముందు రౌటరు 1వ మార్గముననుండెను, వెనుకది 11వ మార్గమున. కోటప్పకొండ తిరునాళ్లలో తప్పిపోయి, ‘మామయ్యా’ యని పిలువగానే మొదట పలికినవాని చేయి పట్టుకొను పసివాని తీరిది. ఇది దోషము గాదు. త్వరగా చేరినచో కాలమును బ్యాటరీయు మిగులునని యేర్పఱచిన పద్ధతి. కాని యొకమాఱు చేరిన పిమ్మట, ఆ సంబంధము తెగువఱకు అది రెండవదానివంక చూడదు.

గోడల సంగతియు నెఱుగవలసినది. 1948 డిసెంబరు 1న మొదలైన బెజవాడ రేడియో కేంద్రము 837 కిలోహెర్ట్జ్‌పై పంపిన తరంగము సుమారు 358 మీటర్ల పొడవు. ఇండ్లను చుట్టుకొని పల్లెపల్లెకు పోగలిగెను. వైఫై తరంగము పొడవు 12 సెంటీమీటర్లకు కొంచెము మించును. నాలుగు మందపు గోడలు, వానినడుమ ఇనుపబీరువా యడ్డమైనచో అది మిక్కిలి క్షీణించును.

ఉపాయము కొఱకు ఇంట చర్చ జరిగినది. వెనుక రౌటరు చిరునామానే యంత్రమునకు శాసించి వ్రాయుదమని మా తమ్ముడనెను. ఆ రౌటరు చెడినచో యంత్రమునకు దిక్కెవ్వరని మేమంటిమి. తుదకు ప్రోగ్రాములో రెండాజ్ఞలు చేర్చితిమి: అన్ని మార్గములను వెదకుము, దొరకిన వానిని బలమునుబట్టి వరుసపెట్టి మొదటిదానిలో చేరుము. చేరుటకు కొన్ని సెకండ్లు ఆలస్యమగును. మిరపకాయకు ఆపాటి యాలస్యము లెక్కలోనిది గాదు.

అయినను చిక్కు పూర్తిగా తీఱలేదు. కరెంటు వచ్చినప్పుడు వెనుక రౌటరు ఆలస్యముగా లేచినయెడల, అన్నిటిని వెదకినను ముందుదే దొరకును. కాన అప్పుడప్పుడు మరల వెదకవలెను. ఇట్టి యంత్రములకై వ్రాయబడిన టాస్మోటా అను ప్రోగ్రామునందు దీనికొక చక్కని నియమము గలదు: 44 నిమిషముల కొకమాఱు వెదకి, క్రొత్తది 10 డెసిబెల్స్ హెచ్చుగా నున్నప్పుడే మాఱవలెను. ఆ హద్దు లేనిచో, సమానబలముగల రెంటినడుమ యంత్రము ఊగులాడుచు ఏ పనియు చేయజాలదు. ఆ నియమమునే మేమును గైకొంటిమి.

పిమ్మట ఎన్నిమార్లు కరెంటు పోయివచ్చినను, గంటలోపల యంత్రము వెనుక రౌటరునకే చేరుచున్నది. ఒక అర్ధరాత్రమున వానజల్లు పడగా కబురు వచ్చెను; నాయనగారు లేచి పంక వేసి వచ్చి మరల నిద్రించిరి.

చదువరులారా, మొదట దొరకినదే మేలైనదని తలపక అన్నిటిని వెదకుట, ఎన్నుకొనిన పిదప స్వల్పభేదమునకు చలింపకుండుట, గొప్పభేదము కనబడినప్పుడు పాతపట్టును విడుచుట: ఈ మూడును యంత్రమునకు మేము నేర్పితిమి. చదువునందును స్నేహమునందును ఇవి మనకు పనికిరాకపోవునా?