పడమటి సముద్రం దగ్గర అమ్మ ఫోటో

బొబ్బర తెగులు గురించి మిగతా సగం ఈ వారం రాస్తానన్నాను, అది వచ్చే వారం రాస్తాను. ఈసారి కొంచెం పక్కదారి పడుతున్నా. బీచ్‌లో పొద్దు గుంకేటప్పుడు స్టాండూ గీండూ లేకుండా, ఉత్త చేత్తో ఫోన్ పట్టుకొని ఫోటో తీయడం ఎట్లాగో రాస్తాను. "మిర్చికి రేటు లేక మేం ఏడుస్తుంటే నీకు బీచ్ ఫోటోలు కావాల్సొచ్చాయా" అని అడగబోయే అన్నలు కాస్త ఓపిక పట్టి చివరిదాకా చదవండి. అప్పటికీ తిట్టాలనిపిస్తే తిట్టండి, పడతాను.

ముందు మా నాన్న సంగతి చెప్పాలి. ఆయన పోయి మూడేళ్లు. పెద్దకర్మకు ఫ్లెక్సీ వేయించాలంటే ఇంట్లో ఆయన ఫోటో సరైంది ఒక్కటి దొరకలేదు. నా ఫోన్‌లో నాలుగు వేల పైన ఫోటోలు ఉన్నాయి. ఆకు ముడత, కాయ మచ్చ, కాలిపోయిన మోటారు, తక్‌పట్టీలు, పురుగుమందు డబ్బాల మీద లేబుళ్లు. నాన్న లేడా అంటే ఉన్నాడు. కొమ్మ వంచి నాకు ఆకు చూపిస్తున్న చెయ్యి చాలా ఫోటోల్లో నాన్నదే. చెయ్యి ఉంది, మనిషి లేడు.

చివరికి ఆధార్ కార్డు మీది ఫోటో పెద్దది చేయించాం. అందులో ఆయన ఎవరో తరుముతుంటే ఆగి నిలబడ్డవాడిలా ఉంటాడు. ఫ్లెక్సీ షాపు కుర్రాడు మెడ కింద ఎవరిదో తెల్ల చొక్కా అతికించాడు, కాలరు గుండీ దాకా పెట్టి. మా నాన్న జన్మలో కాలరు గుండీ పెట్టుకోలేదు. వచ్చిన చుట్టాలు ఎవరూ ఏమీ అనలేదు. అమ్మ మాత్రం దాని వంక ఒకసారి చూసి తల తిప్పుకుంది. ఆ తిప్పుకోవడం నాకు గుర్తుండిపోయింది.

ఇక బీచ్ సంగతి. అమ్మకు గోకర్ణం చూడాలని ఎప్పటి నుంచో కోరిక. చిన్నప్పుడు టూరింగ్ టాకీసులో భూకైలాస్ చూసింది. రామారావు రావణుడు, నాగేశ్వరరావు నారదుడు. అప్పటి నుంచీ ఆ ఊరు ఆమె మనసులో ఉంది. ఈ ఏడు కోతలయ్యాయి, రేటు లేక కాయ కోల్డ్ స్టోరేజీలో వేశాం, చేతిలో పని లేదు. డబ్బూ లేదనుకోండి. అయినా వినుకొండలో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హుబ్లీలో దిగి, అక్కడ కారు మాట్లాడుకొని యల్లాపూర్, అంకోలా మీదుగా గోకర్ణం చేరాం. నేనూ, మా ఇంటావిడా, అమ్మా.

అమ్మకు సముద్రం కొత్త కాదు. సూర్యలంకలో మూడుసార్లు మునిగింది. కానీ మన సముద్రం తూర్పున ఉంది కదా, పొద్దు నీళ్లలో నుంచి లేస్తుంది, సాయంత్రం మన వీపు వెనక ఊళ్ల మీద గుంకుతుంది. "నీళ్లలో పొద్దు పుట్టడం చూశా గానీ మునగడం చూళ్ళేదురా అబ్బాయ్" అంది కార్లోనే. ఇంకో సంగతి ఆమే కనిపెట్టింది. ఆరున్నర అయినా అక్కడ పొద్దు ఇంకా బాగానే ఉంది. మనకంటే పడమటికి పోయాం కాబట్టి అక్కడ సుమారు 20 నిమిషాలు ఆలస్యంగా గుంకుతుంది. గడియారం మాత్రం దేశమంతా ఒక్కటే. "ఇక్కడి కూలోళ్లకు మనకంటే ఎక్కువ పనేమో" అంది. పొద్దున కూడా ఆలస్యంగానే లేస్తుందని చెప్తే గానీ వదల్లేదు.

మొదటి రోజు సాయంత్రం నేను చేసిన తప్పులన్నీ చెప్తాను, మీరు చేయకండి.

ఆ పొద్దు నీళ్లకు తగలగానే నాకు పిచ్చెక్కింది. అది గీతకు తగిలిన దగ్గర్నుంచి పూర్తిగా మునిగేదాకా రెండు నిమిషాలు, మహా అయితే ఇంకాస్త. ఆ ఆత్రంలో నొక్కుతూనే ఉన్నా. రాత్రి లాడ్జిలో లెక్కపెడితే 112 ఫోటోలు. అందులో సూర్యుడు మినపగింజంత. కళ్లకు అంత పెద్దగా కనపడ్డవాడు ఫోన్‌లో ఎందుకంత చిన్నవాడయ్యాడంటే, ఫోన్ కన్ను వెడల్పుగా చూస్తుంది, ఎదర ఉన్నదంతా ఇముడ్చుకుంటుంది, ఏ ఒక్కదాన్నీ పెద్దగా చూపించదు. వేళ్లతో లాగి పెద్దది చేశా. మామూలు ఫోన్లలో అట్లా లాగితే దగ్గరికి పోయినట్టు కాదు, ఉన్న ఫోటోను కోసి సాగదీసినట్టు. సూర్యుడు అలికేసిన బొట్టులా వచ్చాడు. సగం ఫోటోల్లో అడ్డంగా తెల్లటి చార ఒకటి. అది సముద్రపు గాలి తుంపర, నా వేళ్ల జిడ్డు కలిసి లెన్సు మీద పేరుకున్నది. ఇంకొన్నిట్లో సముద్రం ఒక పక్కకు ఒరిగిపోయింది. చేను చదును చేసేటప్పుడు మట్టం తప్పితే నీళ్లన్నీ ఒక మూలకు పోతాయి చూడండి, అట్లా.

ఇవన్నీ సరే. ఆ 112లో అమ్మ ఎన్నిట్లో ఉందో తెలుసా? మూడు. ఆ మూడిట్లోనూ నల్లగా.

"ఇందులో నేనెక్కడున్నానురా?" అంది.

"ఇదిగో, ఇది నువ్వే."

"ఇదా? బొగ్గుల బస్తా అనుకున్నా."

మా ఇంటావిడ పడీ పడీ నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఫ్లెక్సీ షాపులో కూర్చొని నాలుగు వేల ఫోటోలు పైకీ కిందికీ తోసిన రోజు గుర్తొచ్చింది. మూడేళ్ల తర్వాత కూడా నేను చేస్తున్నది అదే పని. అప్పుడు ఆకు కోసం నాన్నను వదిలేశా, ఇప్పుడు సూర్యుడి కోసం అమ్మను.

నల్లగా ఎందుకొచ్చిందంటే, వెలుతురు ఆమె వెనక ఉంది. మన కన్ను వెలుతురునూ నీడనూ రెంటినీ సర్దుకొని చూస్తుంది, ఫోన్ అంత సర్దుకోలేదు. ఆకాశం రంగు నిలవాలంటే మనిషి నల్లబడాలి, మనిషి మొహం కనపడాలంటే ఆకాశం తెల్లగా పాలిపోవాలి. కొత్త ఫోన్లు రెండు మూడు ఫోటోలు కలిపి ఒకటి చేసి కొంత సరిపెడతాయి గానీ ఎదర అంత మంట ఉంటే వాటి వల్లా పూర్తిగా కాదు.

పురాణం ప్రకారం రావణుడు కూడా ఆ ఊళ్లో పొద్దు దగ్గరే మోసపోయాడు. ఆత్మలింగం నేల మీద పెట్టకూడదు, సంధ్యవార్చే వేళయింది, బ్రాహ్మణ పిల్లవాడి వేషంలో ఉన్న వినాయకుడి చేతిలో పెట్టాడు. తీరా చూస్తే పొద్దు గుంకనే లేదు, విష్ణువు చక్రం అడ్డం పెట్టాడంతే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టక ఇదే ఆలోచన.

రెండో రోజు గంట ముందే పోయాం. ఎంత టైముందో తెలుసుకోవడానికి మన పాత లెక్కే చాలు. చెయ్యి చాచి, పొద్దుకూ నీళ్ల గీతకూ మధ్య వేళ్లు అడ్డంగా పెట్టి కొలవండి. ఒక్కో వేలు సుమారు పావుగంట. పొద్దును నేరుగా తేరిపార చూడొద్దు, కళ్లు పోతాయి. వేళ్ల చాటు చేసుకోండి.

రెండు వేళ్ల ఎత్తున ఉన్నప్పుడు అమ్మను తిప్పి, పొద్దుకు ఎదురుగా నిలబెట్టా. నేను సముద్రానికి వీపు పెట్టా. అందరూ సముద్రం వైపు ఫోన్లు ఎత్తి ఉంటే నేనొక్కణ్ణే ఊరి వైపు. ఒకాయన నన్ను వింతగా చూశాడు కూడా. కానీ ఆ వేళ వెలుతురు ఎట్లా ఉంటుందో మీకు నేను చెప్పాలా? రోజూ చేలో ఉన్నప్పుడు మన మీద పడేదే. పొద్దు దిగేకొద్దీ ఎండ చాలా దూరం గాలిని దాటుకొని రావాలి, ఆ దారిలో నీలం వెలుగు చెదిరిపోయి ఎరుపూ పసుపూ మిగులుతాయి. మధ్యాహ్నం ఎండలో మొహం మీద కళ్ల కింద గుంటలు పడతాయి. ఈ ఎండ అడ్డంగా వచ్చి ముడతల్లోకి కూడా దూరుతుంది. నా నీడ బారెడు పొడుగ్గా ఆమె మీదే పడుతుంటే రెండడుగులు పక్కకు జరిగా. అది చూసుకోండి, మర్చిపోతాం.

అమ్మ ఏం చేసిందంటే, ఆధార్ సెంటర్‌లో నిలబడ్డట్టు చేతులు కిందికి జాపి బిగుసుకుపోయింది. నవ్వమంటే ఇంకా బిగుసుకుంది. శుక్లాల ఆపరేషన్ అయిన కన్ను, వెలుతురుకు నీళ్లు కారుతోంది. సరే అని సూర్యుడి వైపు చూడొద్దన్నా, పక్కన పిల్లలు ఇసుకలో ఆడుతుంటే వాళ్లను చూడమన్నా. చూస్తూ ఉండగా అడిగా, "అమ్మా, సినిమాలో వినాయకుడు లింగం కింద పెట్టే ముందు ఏం చేస్తాడే?" అని. ఇక చూడండి, చేతులు తిప్పుతూ మొదలుపెట్టింది. రావణుడు ఎట్లా పరిగెత్తుకొచ్చాడో, ఎట్లా లాగినా రాలేదో. నేను నొక్కుతూ పోయా. పదకొండు తీశా.

చెయ్యి కదలకుండా పట్టుకోవడం మాత్రం నాకు చేలోనే వచ్చింది. 2021లో నల్ల తామర పురుగు మిర్చి పూల మీద పడ్డప్పుడు మనమంతా పూలు విప్పి ఫోటోలు తీసి సైంటిస్టులకు పంపాం కదా. నాకు ప్రతిసారీ ఒకటే జవాబు, "ఫోటో అలికినట్టుంది, మళ్లీ తీసి పంపండి". అప్పుడు నేర్చుకున్నా. వెలుతురు బాగా ఉంటే ఫోన్ రెప్పపాటులో ఫోటో తీసేస్తుంది, చెయ్యి వణికినా తెలియదు. వెలుతురు తగ్గేకొద్దీ కన్ను ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది, ఆ కాస్సేపట్లో మన చెయ్యి ఎంత కదిలితే ఫోటో అంత అలుకుతుంది. అందుకని మోచేతులు డొక్కలకు ఆనించండి. కాళ్లు ఎడంగా పెట్టండి. అల వెనక్కి పోయేటప్పుడు పాదం కింద ఇసుక జారుతుంది కాబట్టి తడిలో నిలబడి తీయొద్దు, పొడి ఇసుకలోకి రండి. ఊపిరి వదులుతూ నొక్కండి. తెర మీద వేలితో పొడిస్తే ఫోన్ ఊగుతుంది, పక్కనున్న సౌండు బటన్ నొక్కినా ఫోటో పడుతుంది, లేదంటే మూడు సెకన్ల టైమర్ పెట్టండి. అన్నిటికంటే మేలు కూర్చోవడం. గొంతుక్కూర్చొని మోకాళ్ల మీద మోచేతులు పెడితే స్టాండు ఎందుకూ పనికిరాదు. ఒడ్డున లాగిపెట్టిన పడవ ఉంటే దాని అంచుకు ఆనించండి.

తీసే ముందు లెన్సు మీద ఉఫ్‌మని ఊది, ఉతికిన మెత్తటి తుండుతో తుడవండి. ఊదకుండా తుడిస్తే ఇసుక రేణువు గీత పెడుతుంది. సెట్టింగుల్లో గడుల గీతలు పెట్టుకుంటే సముద్రం ఒరగదు.

సూర్యుడే కావాలంటారా, తీసుకోండి, నేనూ తీశా. సూర్యుడి పక్కన ఆకాశం మీద వేలు పెట్టి కాస్సేపు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో అక్కడికి తాళం పడుతుంది. పక్కన చిన్న సూర్యుడి బొమ్మ వస్తుంది, దాన్ని కిందికి జరిపితే ఆకాశం రంగు ముదురుతుంది. ఎదర ఒక పడవో, మనిషో, అల తీసేసిన తడి ఇసుకో ఉండేట్టు చూడండి. అమ్మా మా ఇంటావిడా పక్కపక్కన నడుస్తున్నది అట్లా ఒకటి తీశా, ఇద్దరూ నల్లబొమ్మలే. ఈసారి కావాలని తీసిన నలుపు కాబట్టి బాగుంది. పొద్దు మునగ్గానే జనం లేచి ఇసుక దులుపుకొని పోతారు. మీరు లేవొద్దు. ఇంకో పావుగంట, 20 నిమిషాలు ఆకాశం రంగులు మారుతూనే ఉంటుంది.

రాత్రి లాడ్జిలో ఆ పదకొండూ అమ్మకు చూపించా. పది పక్కకు తోసింది. ఒకదాని దగ్గర ఆగింది. చెయ్యి గాల్లో ఉంది, నోరు సగం తెరిచి ఉంది, ముక్కుపుడక మెరుస్తోంది, వెనక కొబ్బరిచెట్లు ఎర్రగా. చాలాసేపు చూసింది. వేళ్లతో పెద్దది చేసి మరీ చూసింది, ఎప్పుడు నేర్చుకుందో.

"ఇది తుడిపేయబాక. అప్పటికి పనికొస్తది" అంది.

"ఏంటమ్మా ఆ మాటలు" అంది మా ఇంటావిడ.

"ఏముందే అందులో. మీ మామకు అతికించినట్టు నాకు ఎవరి చీరో అతికించబాకండి, అంతే నేను చెప్పేది."

ఇంటికొచ్చాక ప్రింటు తీయించా. నాన్న పక్కన పెడతానంటే ఇంటావిడ ఒప్పుకోలేదు, టీవీ మీద పెట్టింది. వచ్చినవాళ్లందరికీ అమ్మే చూపిస్తోంది, రావణుడి కథతో సహా.

గోకర్ణం దాకా పోలేని వాళ్లు సూర్యలంకకో, మీకు దగ్గరున్న ఇంకో ఒడ్డుకో తెల్లవారుజామున పోండి. పద్ధతి అదే, పొద్దు నీళ్లలో నుంచి లేచాక మీ వాళ్లను దానికి ఎదురుగా నిలబెట్టి మీరు సముద్రానికి వీపు పెట్టండి. అదీ కుదరకపోతే మన చేను గట్టు ఉంది, సాయంత్రం ఐదున్నర దాటాక. మీవి తీస్తే కింద పెట్టండి, చూస్తాను. బొబ్బర తెగులు సంగతి వచ్చే వారం తప్పకుండా.