ఆబ్జెక్ట్ అంటే ఒక్క లక్ష్యమేనా?

నిన్న టెస్ట్ సిరీస్‌లో ఇంగ్లిష్ క్వాలిఫయింగ్ పేపర్ దిద్ది ఇచ్చారు. 300కి 71 వచ్చాయి. మెయిన్స్‌లో ఈ మార్కులు ర్యాంకుకు కలవవని మనందరికీ తెలుసు. కానీ 25 శాతం, అంటే 75 రాకపోతే ఎస్సే, జీఎస్, ఆప్షనల్ మార్కులు లెక్కలోకే రావు. అసలు పరీక్షలో అయితే నాలుగు మార్కుల దగ్గర నా ఏడాది కష్టం ఆగిపోయేది.

ఎక్కువ మార్కులు ప్రెసీలో పోయాయి. పాసేజ్‌లో ఊరివాళ్లు డ్యామ్‌కు 'ఆబ్జెక్ట్' చేస్తున్నారని ఉంది. నేను డిగ్రీ వరకు తెలుగు మీడియం. ఆబ్జెక్ట్ అంటే లక్ష్యం అని బట్టీపట్టాను. 1946 డిసెంబరు 13న నెహ్రూ ప్రతిపాదించిన ఆబ్జెక్టివ్స్ రిజల్యూషన్ లక్ష్యాల తీర్మానమే కదా! బిల్లుతో పాటు వచ్చే 'స్టేట్‌మెంట్ ఆఫ్ ఆబ్జెక్ట్స్ అండ్ రీజన్స్'లోనూ అదే అర్థం. అందుకే డ్యామ్ కట్టించుకోవడమే ఆ ఊరివాళ్ల లక్ష్యమని రాసేశాను. వాళ్లు వద్దంటే, కావాలన్నారని రాశాను. అక్కడ ఆబ్జెక్ట్ నామవాచకం కాదు, క్రియ. అభ్యంతరం చెప్పడం అని అర్థం.

తప్పు నా నోట్‌బుక్‌లో ఉంది. ప్రతి మాటకూ ఎదురుగా ఒకే అర్థం రాసుకున్నాను. తెలుగులో ఇంగ్లిష్ మాటను క్రియగా వాడాలంటే 'ఫోన్ చేశాను', 'బుక్ చేశాను' అని 'చేయు' తగిలిస్తాం. ఇంగ్లిష్‌కు ఆ తోక అక్కర్లేదు. వాక్యంలో చోటు మారితే మాట చేసే పని మారిపోతుంది. ఇది మనకు పూర్తిగా కొత్తేమీ కాదు. 'మంచి మనిషి'లో మంచి విశేషణం, 'మంచి జరిగింది'లో నామవాచకం.

పాలిటీలోనే ఉదాహరణలున్నాయి. సుప్రీంకోర్టు న్యాయమూర్తి తొలగింపు గురించిన 124(4) అధికరణను ఇంగ్లిష్‌లో చదవండి. 'ప్రెజెంట్ అండ్ ఓటింగ్' అన్నచోట ప్రెజెంట్ విశేషణం, సభకు హాజరైన అని. అదే వాక్యంలో 'ప్రెజెంటెడ్' క్రియ, సమర్పించడం. అక్కడ 'అడ్రస్' నామవాచకం, తొలగించమని సభలు రాష్ట్రపతికి పంపే విన్నపం. 86వ అధికరణలో రాష్ట్రపతి సభలను 'అడ్రస్' చేయవచ్చు అన్నచోట క్రియ, ప్రసంగించడం.

ఇప్పుడు పద్ధతి మార్చాను. మాట పక్కన అర్థం కాకుండా, అది చేసే ఒక్కో పనికి ఒక్కో వాక్యం రాస్తున్నాను. మే, మస్ట్, విల్ తర్వాత వస్తే క్రియ అయ్యే అవకాశం ఎక్కువ. పైకి చదివినా తేడా వినిపిస్తుంది. ఆబ్జెక్ట్, ప్రెజెంట్ క్రియలైతే రెండో అక్షరం మీద ఒత్తు పడుతుంది, నామవాచకాలైతే మొదటి అక్షరం మీద.

నాలుగు మార్కులు వచ్చే టెస్టులో తెచ్చుకోవచ్చు. నన్ను భయపెట్టింది అది కాదు. రేపు ఉద్యోగం వచ్చాక అలాంటి ఊరి అర్జీ నిజంగానే నా టేబుల్ మీదికి వస్తే, నేను ఇలాగే చదివితే?